కీబోర్డు నుంచి కంప్యూటర్‌కి: ఆ వైరులో వెళ్లేది సౌండ్ కాదు

రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం ఇది. ఆరోజు రాలేకపోయినవాళ్ల కోసం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం ఇంతమంది వస్తారనుకోలేదు. రేపు పొద్దున్నే చర్చిలో సర్వీసు ఉన్నవాళ్లున్నారు, ఇటు నుంచి ఇటే భజనకి వెళ్లేవాళ్లున్నారు, వెనకాల ఆర్కెస్ట్రా అన్నయ్యలు కూడా కనపడుతున్నారు, కాబట్టి సాగదీయను. నేను మాట్లాడేది ఒక్క పని గురించే. మీ దగ్గరున్న కీబోర్డుని కంప్యూటర్‌కి కలిపి, మీరు వాయించింది మిడిగా, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాషలో, రికార్డు చేసుకోవడం. అంతే. మిక్సింగ్ జోలికి వెళ్లను, మాస్టరింగ్ జోలికి అసలే వెళ్లను.

ఈ పని మొదలుపెట్టినవాళ్లు నాకు ఫోన్ చేసి అడిగేవి మూడే మూడు. ఒకటి, "అన్నా, వైరు పెట్టాను, ల్యాప్‌టాప్‌లో ఏమీ వినపడట్లేదు." రెండు, "వినపడుతోంది గానీ నేను షెహనాయ్ టోన్ పెట్టి వాయిస్తే అక్కడ పియానో వస్తోందేంటి?" మూడు, "మెట్టు నొక్కిన కాసేపటికి సౌండ్ వస్తోంది, ఇలా అయితే వాయించేదెలా?" చూడటానికి మూడూ వేరువేరు ప్రశ్నలు. కానీ మూడింటికీ మూలం ఒక్కటే. ఆ వైరులో సౌండ్ వెళ్తుందని మనం అనుకుంటున్నాం. వెళ్లదు. ఇంకోసారి చెప్తాను, ఆ వైరులో సౌండ్ వెళ్లదు.

మరి ఏం వెళ్తుంది? మీ వేళ్లు ఏం చేశాయో ఆ లెక్క వెళ్తుంది. మీరు ఒక మెట్టు నొక్కగానే కీబోర్డు కంప్యూటర్‌కి చిన్న కబురు పంపుతుంది: ఫలానా చానల్లో (ఒక్కో వాయిద్యానికి వేరుగా ఇచ్చే దారి అనుకోండి), ఫలానా నంబరు మెట్టు, ఇంత బలంతో నొక్కారు. వదలగానే ఇంకో కబురు: వదిలేశారు. మెట్లకి 0 నుంచి 127 దాకా నంబర్లుంటాయి, మిడిల్ సి నంబరు 60. బలానికి కూడా 127 దాకానే. మెల్లగా తాకితే ఇరవయ్యో ముప్పయ్యో వెళ్తుంది, గట్టిగా కొడితే 120 వెళ్తుంది. మెట్టు వదిలాక కూడా స్వరం సాగేలా చేసే సస్టెయిన్ పెడల్ తొక్కితే దానికీ ఒక నంబరుంది, 64. ఇవి స్వరం రాసుకున్న కాగితంలాంటివండీ. కాగితం మీద స-రి-గ రాసుంటే కాగితం పాడుతుందా? ఎవరో ఒకరు చూసి పాడాలి. ఆ పాడేది కంప్యూటర్లో ఉన్న పియానో సాఫ్ట్‌వేరైనా కావచ్చు, తిరిగి మీ కీబోర్డే అయినా కావచ్చు. ఎవరూ లేకపోతే? ఏమీ వినపడదు. మొదటి ఫోన్ కాల్‌కి జవాబు అదే. రెండో కాల్‌కీ అదే, మీ షెహనాయ్ మీ కీబోర్డులోనే ఉండిపోయింది, అక్కడ చదివి పాడుతున్నది కంప్యూటర్లోని పియానో.

మిడిల్ సి అన్నాను కదా, ఇక్కడ ఒక చిన్న తిరకాసుంది. అదే 60 నంబరుని యమహా వాళ్లు సి3 అంటారు, రోలాండ్ వాళ్లు సి4 అంటారు. యూట్యూబ్‌లో ఎవరో సి3 నొక్కమంటే మీది ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, తేడాగా వస్తుంటే మీ కీబోర్డు పాడైందని కంగారు పడకండి. నంబరు చూసుకోండి, పేరు కాదు.

మిడి అనే ఈ పద్ధతి ఎప్పటిదో తెలుసా? 1983. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో నామ్ అనే పెద్ద సంగీత వాయిద్యాల ప్రదర్శనలో రెండు వేరువేరు కంపెనీల సింథసైజర్లని, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల ప్రాఫెట్-600ని, రోలాండ్ వాళ్ల జూపిటర్-6ని ఒక వైరుతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చేసి చూపించారు. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ పెట్టిన ఇకుటారో కకేహాషి, వీళ్లిద్దరూ దీనికి ముఖ్యులు. 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. నాకు వీళ్ల మీద గౌరవం ఎందుకంటే, దీన్ని ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు, లైసెన్సు డబ్బులు అడగలేదు. అందుకే ఈరోజు మీ కాసియో, ఆయన రోలాండ్, ఈ తమ్ముడి ఎలక్ట్రానిక్ డ్రమ్ ఆక్టోప్యాడ్, అన్నీ ఒకే భాష మాట్లాడుకుంటున్నాయి. కంపెనీలు ఇలా చేయడం చాలా అరుదు, మన ఫోన్ చార్జర్లు చూస్తేనే తెలుస్తుంది.

సరే, చరిత్ర చాలు. మీ కీబోర్డు వెనక్కి తిప్పండి.

వెనకాల రెండు రకాల యూఎస్‌బీ రంధ్రాలు ఉండొచ్చు. ఒకటి వెడల్పుగా, పెన్‌డ్రైవ్ పట్టేది. దాని పక్కన "టు డివైస్" అని రాసుంటుంది. అది పెన్‌డ్రైవ్ కోసమే, కంప్యూటర్‌కి అది పనికిరాదు. రెండోది చదరంగా, పైన రెండు మూలలు కోసేసినట్టు ఉంటుంది, "టు హోస్ట్" అనో, కొన్నింట్లో కంప్యూటర్ అనో రాసుంటుంది. మనకి కావాల్సింది అది. దానికి పట్టే వైరు ఏంటో తెలుసా? ప్రింటర్ వైరు. షాపులో "మిడి కేబుల్ ఇవ్వండి" అంటే కుర్రాడు తెల్లమొహం వేస్తాడు, లేదా ఇంకేదో అంటగడతాడు. "ప్రింటర్ వైరు ఇవ్వండి" అనండి, వెంటనే తీసిస్తాడు. మరీ పొడుగుది వద్దు, రెండు మీటర్లలోపు చాలు.

చిన్న కాసియోలు, సీటీ-ఎస్300 లాంటివి వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అమ్మా, మీరా? మీదాంట్లో చదరపు రంధ్రం ఉండదు, పాత ఫోన్లకి పెట్టేవాళ్లం చూడండి, ఆ మైక్రో యూఎస్‌బీ ఉంటుంది. ఇక్కడే జాగ్రత్త. ఇంట్లో పడున్న పాత వైరు ఏదో పెడతారు, ఏమీ జరగదు. ఎందుకంటే కొన్ని వైర్లు చార్జింగ్‌కి మాత్రమే, లోపల డేటా తీగలు ఉండవు. ఆ వైరుతో ఫోన్ నుంచి కంప్యూటర్‌కి ఫోటోలు వెళ్తున్నాయో లేదో చూడండి. వెళ్తే అది మంచి వైరు, కీబోర్డుకీ పనికొస్తుంది.

మరి యూఎస్‌బీ లేని పాత కీబోర్డుల సంగతి? వెనకాల గుండ్రంగా, ఐదు కన్నాలతో, మిడి ఇన్, మిడి అవుట్ అని ఉంటే చాలు, పనవుతుంది. దానికి యూఎస్‌బీ-మిడి కన్వర్టర్ వైరు కావాలి. మధ్యలో చిన్న డబ్బా, ఒక చివర యూఎస్‌బీ, రెండో చివర రెండు గుండ్రటి పిన్నులు. ఒకదాని మీద ఇన్, ఇంకోదాని మీద అవుట్ అని ఉంటుంది. ఇన్నుని ఇన్‌లో, అవుట్‌ని అవుట్‌లో పెడతారు మనవాళ్లు. సహజమే కదా? కానీ చాలా వైర్లలో ఆ పేర్లు కంప్యూటర్ వైపు నుంచి పెట్టినవి. కంప్యూటర్ లోపలికి వచ్చేది కీబోర్డు బయటికి పంపేదే కదా, అంటే ఇన్ అని ఉన్న పిన్ను కీబోర్డు అవుట్‌లోకి వెళ్లాలి. కొన్ని కంపెనీలు దీన్ని కూడా తిరగేసి రాస్తాయి, అది ఇంకో తలనొప్పి. పని చేయకపోతే రెండూ మార్చి పెట్టి చూడండి, ఏమీ కాలిపోదు. ఒకటి మాత్రం చెప్తాను, మరీ చవక కన్వర్టర్లు కొనకండి. ఒక్కో స్వరం వాయిస్తే బాగానే ఉంటాయి, రెండు చేతులతో కార్డులు, అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి, పట్టి పెడల్ తొక్కేసరికి కొన్ని కబుర్లు మధ్యలో మింగేస్తాయి.

మింగేస్తే ఏమవుతుందో చెప్పనా? వదిలేశారు అనే కబురు పోయిందనుకోండి, ఇక ఆ స్వరం ఆగదు. అలా మోగుతూనే ఉంటుంది. మెట్టు నొక్కి ఉండగా వైరు లాగేసినా అంతే. అప్పుడు కంగారుగా కంప్యూటర్ ఆపేయక్కర్లేదు, చాలా సాఫ్ట్‌వేర్లలో పానిక్ అనో, ఆల్ నోట్స్ ఆఫ్ అనో ఒక బటన్ ఉంటుంది. నొక్కితే గప్‌చుప్.

వైరు పెట్టాక చాలా కొత్త కీబోర్డులకి డ్రైవర్, అంటే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టేలా చేసే చిన్న సాఫ్ట్‌వేర్, అక్కర్లేదు, విండోసే గుర్తుపడుతుంది. మ్యాక్‌లో కూడా ఎక్కువ వాటికి అవసరం రాదు. కొన్నింటికి కావాలి, అప్పుడు ఆ కంపెనీ సైటుకే వెళ్లి మీ మోడల్ పేరు కొట్టి దించుకోండి. డ్రైవర్ ఫ్రీ అని ఊరించే వేరే సైట్లు వద్దు, వాటిలో డ్రైవర్ తప్ప అన్నీ వస్తాయి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. ఎంతమంది దగ్గర ఆడాసిటీ ఉంది? చేతులెత్తండి. చూశారా, సగం పైన. ఆడాసిటీ మంచిదే, నేనూ వాడతాను, పాట కోయడానికి, నాయిస్ తీయడానికి. కానీ అది మిడి రికార్డు చేయదు. దాంట్లో మీ కీబోర్డు కనపడట్లేదంటే తప్పు మీది కాదు, కీబోర్డుది కాదు. మిడికి వేరే రకం సాఫ్ట్‌వేర్ కావాలి. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది, ఇక ఆలోచించకండి. విండోస్‌లో నేను కొత్తవాళ్లకి రీపర్ చెప్తాను, చిన్నది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, నచ్చితే కొనుక్కోవచ్చు. ఎఫ్ఎల్ స్టూడియో అలవాటున్నవాళ్లు దాంట్లోనే ఉండండి, మారాల్సిన పనేం లేదు. స్వరాలు స్టాఫ్ నొటేషన్‌లో ప్రింటు తీసి క్వయర్‌కి ఇవ్వాలనుకుంటే మ్యూజ్‌స్కోర్ ఉంది, అదీ ఉచితమే. క్రాక్ వెర్షన్ల గురించి అడగొద్దు. నీతి కోసమే కాదు, క్రాక్ వేసుకున్న కంప్యూటర్లో వైరస్ వచ్చి పాటలన్నీ లాక్ అయిపోయినవాళ్లని చూశాను.

రీపర్‌లో ఎలా చేయాలో చెప్తాను, మిగతావాటిలో పేర్లు మారతాయి, పని అదే. ముందు కీబోర్డు ఆన్ చేసి, వైరు పెట్టి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరవండి. ఈ వరస ముఖ్యం, చాలాసార్లు సాఫ్ట్‌వేర్ తెరిచాక పెట్టిన కీబోర్డు కనపడదు. ప్రిఫరెన్సెస్‌లో మిడి అనే చోట మీ కీబోర్డు పేరు ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేయండి. కొత్త ట్రాక్ తీయండి. ట్రాక్ ఇన్‌పుట్ మామూలుగా ఆడియో మీద, అంటే మైకు మీద ఉంటుంది, దాన్ని మిడికి మార్చి, ఆల్ చానల్స్ పెట్టండి. ట్రాక్ మీద ఎర్ర బటన్ నొక్కండి. ఇప్పుడు ఒక మెట్టు నొక్కితే ట్రాక్ పక్కన మీటర్ ఎగరాలి. ఎగిరిందా? అయితే కబురు చేరింది. సౌండ్ రాలేదా? రాదు! ఇందాక అనుకున్నాం కదా, పాడేవాడు లేడు. ఎఫ్ఎక్స్ బటన్ నొక్కి ఏదో ఒక వాయిద్యం పెట్టండి. మొదటిసారి పరీక్షకి దాంట్లోనే ఉండే రియాసింత్ చాలు, కీచుగా ఉంటుంది గానీ మోగుతుంది. మోగాక మంచి పియానోలు, స్ట్రింగ్స్ తర్వాత వెతుక్కోండి, ఉచితంగా దొరికేవే బోలెడున్నాయి.

ఇంకొకటి. విండోస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ మీ కీబోర్డుని పట్టుకుని ఉంటే రెండోదానికి ఇవ్వకపోవడం మామూలు. వెనకాల ఎఫ్ఎల్ స్టూడియో మినిమైజ్ చేసి ఉంటే రీపర్‌లో ఎర్రర్ రావచ్చు. మిగతావన్నీ మూసి చూడండి.

ఇక మూడో ఫోన్ కాల్, ఆలస్యం. లేటెన్సీ అంటారు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది విసిగిపోయి వదిలేస్తారు. ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? వైరులో అనుకుంటారు. కాదు. పాత గుండ్రటి మిడి వైరు కూడా సెకనుకి 31,250 బిట్ల వేగంతో పంపుతుంది, అంటే ఒక స్వరం కబురు చేరడానికి మిల్లీసెకను కూడా పట్టదు. ఆలస్యమంతా కంప్యూటర్ లోపల. కబురు అందుకున్న కంప్యూటర్ సౌండ్ తయారు చేసి ముక్కలు ముక్కలుగా స్పీకర్‌కి ఇస్తుంది. ఆ ముక్క సైజునే బఫర్ అంటారు. బఫర్ 1024 పెడితే ఒక్క ముక్కకే 23 మిల్లీసెకన్లు, 256 పెడితే దాదాపు ఆరు, 128 పెడితే మూడు. దీనికి తోడు విండోస్ తన మామూలు దారిలో పంపిస్తే ఇంకొంత ఆలస్యం కలుపుతుంది, అన్నీ కలిసి వందకి అటూ ఇటూ అయ్యాక మీకు చేతికీ చెవికీ పొంతన కుదరదు.

ఎంతవరకు పరవాలేదు? సౌండ్ గాలిలో మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. అంటే పది మిల్లీసెకన్ల ఆలస్యం అంటే స్పీకర్ మీకు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. స్టేజీ మీద మీరు రోజూ అంత దూరం నుంచే వింటున్నారు, ఎప్పుడైనా ఇబ్బంది పడ్డారా? లేదు. కాబట్టి పది లోపు ఉంటే హాయిగా వాయించొచ్చు. దానికి విండోస్‌లో ఆసియో డ్రైవర్ కావాలి, ఆ మామూలు దారిని తప్పించి సౌండ్ పంపేది అది. ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే కంప్యూటర్‌కి బయట తగిలించే సౌండ్ డబ్బా, ఉన్నవాళ్లకి దాంతోపాటే వస్తుంది. లేనివాళ్లు ఆసియో4ఆల్ అని ఉచితంగా దొరికేది వేసుకోండి. సాఫ్ట్‌వేర్లో ఆడియో డివైస్ దగ్గర దాన్ని ఎంచుకుని, బఫర్ 256 పెట్టి వాయించి చూడండి. చిటపటమంటే 512కి పెంచండి, బాగుంటే 128కి తగ్గించండి. రికార్డింగ్ అయిపోయాక మిక్సింగ్ చేసేటప్పుడు మళ్లీ 1024 పెట్టుకోండి, అప్పుడు ఆలస్యంతో పని లేదు.

ఇవన్నీ చేసీ బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకునేవాళ్లున్నారు. తమ్ముడూ, నవ్వుతున్నావంటే నువ్వేనా? బ్లూటూత్ ఒక్కటే వందా రెండొందల మిల్లీసెకన్లు తినేస్తుంది. పాటలు వినడానికి బాగుంటుంది, వాయించడానికి వైరు ఉన్న హెడ్‌ఫోనే.

ఒకవేళ కంప్యూటర్ మరీ పాతది, ఏం చేసినా ఆలస్యం తగ్గట్లేదు అనుకోండి. ఏం చేయాలి? సింపుల్. సాఫ్ట్‌వేర్లో సౌండ్ మ్యూట్ చేసి, మీ కీబోర్డు స్పీకర్ వింటూ వాయించండి. వెళ్లేది సౌండ్ కాదు కదా! కబురు టైముకే చేరుతుంది, రికార్డు కూడా టైముకే అవుతుంది. క్లిక్, అంటే సాఫ్ట్‌వేర్ వేసే తాళం దెబ్బ, లేకుండా వాయించే ముక్కలకి ఇది చక్కగా పనిచేస్తుంది.

ఇప్పుడు షెహనాయ్ దగ్గరికొద్దాం. మన దగ్గర చాలామంది యమహా ఐ సిరీస్, కాసియో ఐఎన్ మోడళ్లు కొనేదే అందులోని ఇండియన్ టోన్ల కోసం. తబలా, షెహనాయ్, సితార్, హార్మోనియం. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 కీబోర్డు ఉన్నవాళ్లయితే కొనుక్కున్న టోన్లు, కష్టపడి చేసుకున్న టోన్లు ఎన్నో పెట్టుకుంటారు. ఆ టోన్లు మిడిలో రావని చెబితే మొహం వాడిపోతుంది. వాడిపోనక్కర్లేదు. రెండు దఫాలుగా చేయండి.

మొదటి దఫా, మామూలుగా మిడి రికార్డు చేయండి. స్క్రీన్ మీద మీరు వాయించిన ప్రతి స్వరం చిన్న కడ్డీలా కనపడుతుంది. తప్పు పడ్డది జరపండి, గట్టిగా పడ్డది తగ్గించండి, చరణంలో వేలు జారి పక్క మెట్టు తగిలిందా, ఆ కడ్డీ తీసేయండి. రెండో దఫా, ఆ ట్రాక్ మిడి అవుట్‌పుట్‌ని మీ కీబోర్డుకే తిప్పండి. కీబోర్డులో షెహనాయ్ పెట్టండి. ప్లే నొక్కండి. ఇప్పుడు కీబోర్డు ముందు ఎవరూ కూర్చోకుండానే మీరు సరిదిద్దుకున్న వాయింపుని అదే మోగిస్తుంది. అప్పుడు దాని హెడ్‌ఫోన్ జాక్ నుంచో, లైన్ అవుట్ నుంచో ఆడియో ఇంటర్‌ఫేస్‌కి వైరు పెట్టి ఇంకో ట్రాక్‌లో ఆడియోగా రికార్డు చేయండి. తప్పుల్లేని వాయింపు, మీ సొంత టోన్. ఇది తెలిశాక వేరే సాఫ్ట్‌వేర్ టోన్ల వెంట పడటం సగం తగ్గుతుంది. కొన్ని మోడళ్లలో, యమహా పీఎస్ఆర్-ఈ473 లాంటివాటిలో, ఆడియో కూడా అదే యూఎస్‌బీ వైరులో వస్తుంది, అప్పుడు ఇంటర్‌ఫేస్ కూడా అక్కర్లేదు.

ఈ రెండో దఫాలో ఒక చిక్కు వస్తుంది, ముందే చెప్తాను. కీబోర్డు వాయిస్తే కబురు కంప్యూటర్‌కి వెళ్తుంది, కంప్యూటర్ దాన్నే తిరిగి కీబోర్డుకి పంపుతుంది, కీబోర్డు మెట్టు నొక్కినందుకు ఒకసారి, కబురు వచ్చినందుకు ఒకసారి, రెండుసార్లు మోగుతుంది. స్వరం ముద్దగా, డబుల్‌గా వినపడుతుంది. కీబోర్డు మెనూలో లోకల్ కంట్రోల్ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేస్తే మెట్లకీ లోపలి సౌండ్‌కీ లింకు తెగిపోతుంది, ఒక్కసారే మోగుతుంది. పని అయ్యాక మర్చిపోకుండా ఆన్ చేయండి. లేకపోతే రేపు చర్చిలో కీబోర్డు ఆన్ చేసి, వాల్యూమ్ పెంచి, వైర్లన్నీ మార్చి, సౌండ్ మనిషిని తిట్టి, అప్పుడు గుర్తొస్తుంది. ఆడియో రికార్డు చేసేటప్పుడు గుయ్‌మని హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, చాలాసార్లు అదే కారణం. మిడికి ఆ బెడద లేదు, కబురులో హమ్ ఉండదు కదా.

మిడితో మనకున్న అసలు లాభం ఎక్కడో తెలుసా? శ్రుతి. మీరు సిలో ట్రాక్ అంతా చేసి పెట్టారు. పాడే అమ్మాయి వచ్చి "నాది ఐదున్నర శ్రుతి అండీ" అంది, అంటే జి షార్ప్. ఆడియో అయితే సాగదీస్తే గొంతు మారినట్టు టోన్ పాడవుతుంది. మిడి అయితే అన్ని స్వరాలూ సెలెక్ట్ చేసి ఎనిమిది మెట్లు పైకో, నాలుగు మెట్లు కిందికో జరపడమే. కాని ఒక్క జాగ్రత్త, డ్రమ్స్ ట్రాక్ జరపకండి. డ్రమ్స్‌లో నంబరు అంటే స్వరం కాదు, వాయిద్యం. జనరల్ మిడి అనే ఉమ్మడి నంబర్ల పట్టిక ప్రకారం 36 కిక్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్, చానల్ మామూలుగా 10. రెండు మెట్లు పైకి జరిపారనుకోండి, కిక్ కొట్టాల్సిన చోటల్లా స్నేర్ మోగుతుంది! తబలా కిట్ కూడా అంతే, ధా ఉన్నచోట ఇంకేదో పలుకుతుంది.

మెట్ల సంగతి సరే, మెట్ల మధ్యలో ఉండే సంగతి? శాస్త్రీయం వాయించే మాస్టారు ఒకరు ఇందాక టీ తాగుతూ అడిగారు, గమకాలు రికార్డు అవుతాయా అని. అవుతాయండీ. స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ వీల్ ఉంటే ఆ కదలిక అంతా వెళ్తుంది, 0 నుంచి 16,383 దాకా అంచెల్లో, మధ్యస్థానం 8,192. మెట్ల నొక్కుడుకి 127 అంతస్తులైతే దీనికి పదహారు వేలు, అంత నునుపు. తోడి తీసుకోండి. సి మీద షడ్జమం పెట్టుకుంటే సాధారణ గాంధారం డి షార్ప్. చాలా కీబోర్డులు బెండ్ హద్దుని ముందే అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలకి పెట్టి ఇస్తాయి. గాంధారం మీద వీల్ పూర్తిగా పైకి తోస్తే ఎఫ్, అంటే శుద్ధ మధ్యమం. పూర్తిగా కిందికి లాగితే సి షార్ప్, శుద్ధ రిషభం. తోడి గాంధారం ఊగేది ఆ రెంటి మధ్యే కదా మాస్టారూ? ఆ హద్దు మన కోసం పెట్టినట్టే కుదిరింది. కాని సాఫ్ట్‌వేర్ వాయిద్యంలో కూడా అదే రెండు ఉందో లేదో చూసుకోవాలి. అక్కడ పన్నెండు ఉంటే, మీరు కీబోర్డు మీద అందంగా ఊపిన గాంధారం అక్కడ ఒక స్థాయి పైకెళ్లి మళ్లీ కిందికొస్తుంది, అది గమకం కాదు, సైరన్.

ఇంకో విషయం, బెండ్ చానల్ మొత్తానికి పడుతుంది. ఎడమ చేత్తో కార్డు పట్టి, కుడిచేతి స్వరాన్ని ఊపితే, రెండూ ఒకే చానల్లో ఉన్నాయి కాబట్టి కార్డు కూడా ఊగుతుంది. అందుకని రాగం ఒక ట్రాక్‌లో, కార్డులు వేరే ట్రాక్‌లో, విడివిడిగా వాయించండి. దీనికి పరిష్కారంగా ఒక్కో స్వరానికి ఒక్కో చానల్ ఇచ్చే ఎంపీఈ అనే పద్ధతి 2018లో వచ్చింది, మిడి 2.0 ప్రకటన 2020లో వచ్చింది, కాని అవి మన చేతుల్లో ఉన్న కీబోర్డుల్లో ఇంకా కనపడేవి తక్కువ, వదిలేద్దాం.

తాళం. సాఫ్ట్‌వేర్ తెరవగానే నాలుగు నాలుగు మీద ఉంటుంది. ఆది తాళానికి అది చాలు. మిశ్ర చాపులో ఉన్న కీర్తన అయితే ముందే ఏడుకి మార్చుకోండి, ఖండ చాపు అయితే ఐదుకి. మార్చకపోతే క్లిక్కులో గట్టి దెబ్బ మీ సమం మీద కాక ఎక్కడెక్కడో పడి పిచ్చెక్కిస్తుంది. ఇక క్వాంటైజ్ అని ఒక బటన్ ఉంటుంది, అటూ ఇటూ పడ్డ స్వరాలన్నిటినీ గీత మీదకి లాగుతుంది. కొత్తవాళ్లు దీన్ని వంద శాతం పెట్టేస్తారు. వద్దు. ముఖ్యంగా తబలా, ఢోలక్ నడకలో ఆ కొద్ది ముందువెనకల్లోనే ఊపంతా ఉంది. స్ట్రెంత్ యాభై, అరవై శాతం పెట్టి వినండి, చాలకపోతే పెంచండి. ఇక నాటకం పద్యాలకి హార్మోనియం పట్టేవాళ్లు క్లిక్ పూర్తిగా ఆపేయండి. పద్యానికి తాళం లేదు, రాగం సాగినంతసేపు సాగుతుంది, స్క్రీన్ మీద గీతలు కనపడుతున్నాయని వాటికి పద్యాన్ని కట్టేయొద్దు.

ఆక్టోప్యాడ్ తమ్ముడూ, నీకూ ఇదే. ఎస్‌పీడీ-20 వెనకాల గుండ్రటి మిడి అవుట్ ఉంది, ఎస్‌పీడీ-30 అయితే యూఎస్‌బీయే ఉంది. ఏ ప్యాడ్ ఏ నంబరు పంపుతోందో ముందు కాగితం మీద రాసుకో, తర్వాత సాఫ్ట్‌వేర్ కిట్‌లో ఆ నంబర్లకి తగ్గ సౌండ్లు పెట్టుకో. కిక్ కొడితే గంట మోగిందంటే నంబర్లు కలవలేదని, అంతే.

కంప్యూటర్ లేదండీ, ఫోనే ఉంది అంటారా? ఫోన్‌తో కూడా అవుతుంది. ఆండ్రాయిడ్ 6.0 నుంచి మిడి తీసుకుంటుంది. ఫోన్‌కి యూఎస్‌బీ వైరు తగిలించే ఓటీజీ పిన్ను, దానికి అదే ప్రింటర్ వైరు. ఐఫోన్‌కి యూఎస్‌బీ అడాప్టర్ పెట్టి గ్యారేజ్‌బ్యాండ్. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌ని బట్టి ఆలస్యం ఎక్కువ ఉండొచ్చు, అప్పుడు ఇందాక చెప్పినట్టు కీబోర్డు స్పీకర్ వింటూ వాయించి, సరిదిద్దడం ఫోన్‌లో చేసుకోండి.

సేవ్ చేయడం గురించి ఒక్క మాట. మిడి ఫైలు చాలా చిన్నది. నాలుగు నిమిషాల పాట ఆడియోగా నలభై ఎంబీ ఉంటే, మిడిగా మామూలుగా వంద కేబీ కూడా దాటదు. వాట్సాప్‌లో పంపొచ్చు, డాక్యుమెంట్‌గా పంపండి. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్‌కి పంపితే అతను తన టోన్లు పెట్టి తిరిగి పంపుతాడు. కాని ప్రాజెక్టు ఫైలు వేరు, మిడి ఫైలు వేరు. ప్రాజెక్టు మీ సాఫ్ట్‌వేర్లోనే తెరుచుకుంటుంది. అందుకని పాట అయిపోగానే ఎక్స్‌పోర్ట్‌లో మిడిగా కూడా ఒకటి తీసి పెట్టుకోండి, 1980ల్లో చేసిన మిడి ఫైళ్లు ఈరోజుకీ తెరుచుకుంటున్నాయి.

సరే, ఇక మాటలు ఆపి వైర్లు పెడదాం. ఎవరెవరు కీబోర్డులు తెచ్చారో ఇటు ముందుకి రండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒక్కటే ఉంది, ముగ్గురు ముగ్గురు వంతున. అమ్మా, చిన్న కాసియో మీది కదా, మీ మైక్రో యూఎస్‌బీ వైరు ముందు నా ల్యాప్‌టాప్‌లో పెట్టి చూద్దాం, డేటా వస్తుందో లేదో తేలిపోతుంది. మిగతావాళ్లు ఈలోపు ఆసియో4ఆల్ దించుకోండి, వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద రాశాను.